రెండు వేళ్ల కత్తెర

సూరత్ అంచున భేస్తాన్‌లో ఆ గల్లీ మొత్తానికి అమెరికా సంగతులు తెలిసిన మనిషి ఒక్కతే, సాంబయ్య కూతురు లత. చూసొచ్చిందని కాదు. సూరత్, కరీంనగర్ తప్ప మూడో ఊరు ఎరగదు. పక్కనే ఉద్‌నాలో పరాయి దేశాల కాగితాల పని చేసే ఆఫీసు ఒకటుంది. అందులో లత మొదట ఇంగ్లండ్ ఉద్యోగుల జీతం స్లిప్పులు, తరవాత అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసింది. లాక్‌డౌన్ రాగానే ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఇంటికి పంపేశారు. ఇల్లంటే ఒకటే గది. ఇంగ్లండూ అమెరికా రెండూ వచ్చి బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాయి.

సాంచెలు బందై ఇంట్లో కూర్చున్న సాంబయ్యకు అదే కాలక్షేపం. ముప్పై ఏళ్లు ఆ మరమగ్గాల మోతలో పని చేసిన మనిషి. ఆ మోతలో మాట వినబడదు, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ ఆయనకు సైగలే అలవాటు.

"ఇంగ్లండోడు మంచోడా, అమెరికావోడు మంచోడా బిడ్డా?" అని అడిగాడు ఒకరోజు.

లత రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. "ఇంగ్లండోడు జీతం చేతికి రాకముందే కత్తిరిస్తడు బాపు. టాక్సు ఒకటి, బీమా పైసలు ఒకటి. మల్ల దవాఖానకు వోతే బిల్లు అడగడు." తరవాత అరచెయ్యి చాపింది. "అమెరికావోడు జర తక్కువ కత్తిరిస్తడు. రోగమొచ్చినంక గిట్ల చెయ్యి చాపుతడు. బీమా ఉన్నా సుత ఇడువడు. బొక్క ఇరిగితే కట్టుకో బిల్లు, కట్టిన డాక్టరుకో బిల్లు, పండవెట్టిన గదికో బిల్లు."

"మరి ఎవలికి ఫాయిదా?"

అక్కడే తప్పు జరిగింది. ఎవరికి ఎప్పుడు ఏ రోగమొస్తుందో తెలిస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు లేదు. లతకు ఇరవై నాలుగేళ్లు. నాలుగు స్లిప్పులు పక్కపక్కన పెట్టి కూడి చూసి, "రోగం రానోనికి అమెరికానే ఫాయిదా" అని తేల్చేసింది.

ఆ దీపావళి ముందు సాంచెలు మళ్లీ నడిచాయి. నష్టాల్లో ఉన్న సేఠ్ కొత్త మాట తెచ్చాడు. పీఎఫ్, ఈఎస్ఐ వద్దన్నవాళ్ల పేర్లు కాగితం మీంచి తీసేస్తాడు. నెలనెలా కోసే రెండు వేలూ, తన వాటాలోంచి ఇంకో వెయ్యీ, మొత్తం చేతికే. పోయేదల్లా ఈఎస్ఐ కార్డూ, దాంతో దొరికే ఉచిత వైద్యమూ. ఏం చెయ్యమంటావని సాంబయ్య కూతుర్ని అడిగాడు.

"ముప్పై ఏండ్లల్ల నీకు జరమొచ్చింది నేను ఇనలే," అంది లత. "ఉత్తపుణ్యానికి కటింగెందుకు? అమెరికా లెక్కనే మంచిగుంది."

సాంబయ్య నవ్వి, అరచెయ్యి చాపి చూపించాడు. మరుసటి నెల నుంచి మూడు వేలు ఎక్కువ తెచ్చి భార్య వెంకటవ్వ చేతిలో పెట్టాడు. ఆదివారాలు కూడా పనికి పోవడం అప్పుడే మొదలైంది. గిరాకీ ఎక్కువుందన్నాడు. లత తన లెక్కకు తనే మురిసిపోయింది.

2021 ఏప్రిల్‌లో ఇంటిల్లిపాదికీ జ్వరాలు. లత మంచం దిగలేకపోయింది. రెండు రోజులకే సాంబయ్యకు ఊపిరి అందక మాట పడిపోయింది. మధ్యాహ్నం వేళ ఆయన తమ్ముడు పరుశురాం ఆటో తెచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు, వెనక వెంకటవ్వ మొగుణ్ణి పట్టుకుని కూర్చుంది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజు పోయాడు. మనిషిని ఇంటికి తేనివ్వలేదు. ఏడు పేజీల బిల్లు మాత్రం వచ్చింది. చేతి తొడుగులకో వరస, గదికో వరస, చూసిన డాక్టరుకో వరస. లత రోజూ చదివే కాగితమే అది.

"ఆఖరికి సుత బీడీయే అడిగిండు," అని వెంకటవ్వ పలకరించిన వాళ్లందరి దగ్గరా ఏడ్చింది. "ఆటోల రెండు వేళ్లు గిట్ల ఆడిచ్చుడు, నా మొఖం చూసుడు. గిప్పుడు బీడీ ఏందని చెయ్యి ఒత్తి కిందికి వెట్టిన. ముట్టిచ్చియ్యకపోతిని." అప్పట్నుంచి అమాస అమాసకూ ఫోటో ముందు ఒక బీడీ ముట్టించి పెట్టేది.

అది బీడీ కాదని లతకు తెలుసు. కత్తెర. నీ లెక్క తప్పింది బిడ్డా, ఇంగ్లండోడే నయం అని చెప్పి పోయాడు. తండ్రిని తన నోటితోనే చంపుకున్నానని ఆమె నమ్మింది. ఆ నమ్మకం గదిలో మనిషిలా తిరిగేది. అమెరికా నుంచి చచ్చిపోయిన వాళ్ల పేరు మీద బిల్లులు వచ్చేవి. ఒక్కొక్కటి తెరిచేటప్పుడు కుర్చీ వెనక ఎవరో నిలబడి, "మరి ఎవలికి ఫాయిదా?" అని అడిగేవారు. వెంకటవ్వ రెండు వేళ్లతో చిక్కుడుకాయలు తుంచుతుంటే లత అటు చూసేది కాదు. నలుగురిలో ఉన్నప్పుడు తన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో పట్టుకు కూర్చునేది.

ఆగస్టులో సాంచెల మేస్త్రి లక్ష్మీరాజం వచ్చాడు. చేతిలో ఒక ఫారం, నూనె మరకల ఈఎస్ఐ కార్డు ఉన్నాయి.

"కరోనాతోని పోయిన కార్డోళ్ల ఇంటికి నెలనెలా పైసలిస్తరట. సంతకం వెట్టు వదినే," అన్నాడు.

"మా బాపు పేరు తీసేసిన్రు గద," అంది లత.

"తియ్యనియ్యలే. కార్డు సాంచెల కాడ తన డబ్బాల దాసుకున్నడు. ఆఖరి నెల దాకా కటింగ్ అయింది."

"మరి మూడు వేలు ఎక్కువ తెచ్చెటోడు?"

"ఆదివారం డ్యూటీలు చేసి తెచ్చిండు. బిడ్డ చెప్పింది ఇనలేదంటే దానికి చిన్నతనమైతది, ఎవలకు చెప్పకు రాజం అన్నడు."

లత ఆ కార్డు చేతిలోకి తీసుకుంది. ఆటోలో ఆయన తనను తప్పు పట్టలేదు. కటింగ్ అయింది, కార్డుంది, ఈఎస్ఐ దవాఖానకు తీసుకపోన్రి అని చెప్పాడు. ఆ కత్తెర అర్థమయ్యే మనిషి ఇంట్లో ఒక్కతే, ఆమె ఆటోలో లేదు. అర్థం కాని మనిషి ఆ చెయ్యి ఒత్తి కిందికి పెట్టింది. అక్కడికి పోతే బతికేవాడా? ఆ రోజుల్లో అక్కడ మాత్రం మంచం దొరికేదని ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు గనకే ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

వెంకటవ్వ సంతకం పెట్టి కళ్లు తుడుచుకుంది. "సూడు బిడ్డా, పోయినంక సుత నెలనెలా తెస్తున్నడు," అంది. ఆమె ముఖంలో నాలుగు నెలల తరవాత కాస్త వెలుగు కనిపించింది.

ఆ అమాస నాడు వెంకటవ్వ ఎప్పటిలా ఫోటో ముందు బీడీ పెట్టింది. అది మధ్యలో ఆరిపోయింది. "బాపు బీడీయే అడిగిండు గద," అంటూ లత లేచి అగ్గిపెట్టె తెచ్చి మళ్లీ ముట్టించింది.