ఏడో లేన్‌లో పసుపు

సెప్టెంబర్ మధ్యలో ఎడారిలో దిగాం. మధ్యాహ్నం రెండు దాటింది. నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. బస్సు మెట్టు దిగగానే దుమ్ము నోట్లోకి వచ్చింది. తూర్పున గోధుమరంగు కొండలు, పడమర ఉప్పు తేలిన ఎండు సరస్సు, మధ్యలో ఫైరింగ్ రేంజ్. చెట్టన్నది లేదు. మాది న్యూజెర్సీ నేషనల్ గార్డ్ కంపెనీ. మామూలు రోజుల్లో ఆఫీసుల్లో కూర్చుని, నెలకో వారాంతం యూనిఫాం వేసుకునే జనం. ఈసారి మాత్రం డిసెంబర్ దాకా ఇక్కడే.

నాది రేంజ్ సేఫ్టీ సార్జెంట్ డ్యూటీ. కాల్చేవాళ్ళ వెనకాల నడుస్తూ ఉండాలి. తప్పు జరగబోతుంటే జరగకముందే ఆపాలి. మా ఊరు ప్లెయిన్స్‌బరోలో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇక్కడా అదే పని అనుకోండి. కాకపోతే ఇక్కడ బగ్ వస్తే టికెట్ రాసి ఊరుకోవడం కుదరదు, మనిషి పోతాడు.

మొదటి సాయంత్రమే ఆయుధాల గది సార్జెంట్ అందరినీ వరసలో నిలబెట్టాడు. టెనెసీ మనిషి. పొగాకు మానేసి సోంపు నములుతూ ఉండేవాడు. నేల మీద టార్పాలిన్ పరిచి, "ఇంటి నుంచి తెచ్చిన అలంకారాలన్నీ ఇక్కడ పెట్టండి" అన్నాడు. లేజర్లు, టార్చిలైట్లు, రంగురంగుల గ్రిప్పులు, ఆన్‌లైన్‌లో కొన్న బైనాక్యులర్లు. టార్పాలిన్ తిరునాళ్ళ దుకాణంలా నిండింది. మా ట్రక్ డ్రైవర్ నిఖిల్ ఒక టార్చిలైట్ పెట్టాడు. ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, ఇరవై రెండేళ్ళు. కంపెనీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. డ్యూటీలో నన్ను సార్జెంట్ అంటాడు, ఎవరూ లేకపోతే అక్కా అంటాడు.

"ఇదేం చేస్తుంది?" అని అడిగాడు టెనెసీ సార్జెంట్.

"చూడ్డానికి బావుంటుంది, సార్జెంట్."

"ఆ సంగతి టార్గెట్‌కి తెలుసా?"

అందరూ నవ్వారు. నిఖిల్ కూడా నవ్వాడు. అయినా లైటు వెనక్కి అడిగి తీసుకుని రైఫిల్‌కి బిగించుకున్నాడు. మూడో రోజు రైఫిల్ అదురుకి స్క్రూ ఊడి ఇసకలో పడింది. మళ్ళీ దొరకలేదు.

మీకు తుపాకుల గురించి నేను చెప్పేదంతా అక్కడ నేర్చుకున్నదే. ఇప్పుడు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ప్లేట్లో పప్పు పడకముందే ఒక అంకుల్ కుర్చీ జరుపుకుంటూ వస్తాడు. "అమ్మాయ్, ఇంట్లోకి ఒక గన్ కొందామని. ఏది బెస్ట్?" అంటాడు. "ఎందుకంకుల్?" అంటాను. "ఊరికే, సేఫ్టీకి" అంటాడు. ఊరికే అయితే కొనకండి బాబూ. దేనికో తెలిస్తేనే ఏది కొనాలో తెలుస్తుంది. రేంజ్‌లో గురి నేర్చుకోవడానికి ఒకటి, వేటకి ఒకటి, ఇంటికి ఒకటి. వేటి దారి వాటిదే. పక్కింటాయన కొన్నాడని కొంటే చెప్పుల షాపులో ఆయన సైజు కొన్నట్టే.

ముందు రేంజ్‌కి వెళ్ళి అద్దెకి తీసుకుని కాల్చి చూడండి. చేతిలో పట్టాలి. వేలు ట్రిగ్గర్‌కి సుఖంగా అందాలి. పెద్ద తూటా మగతనం అనుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. రెండు రౌండ్లకే మణికట్టు పట్టుకుని, మూడో రౌండుకి కళ్ళు మూసుకుంటారు. చిన్నదైనా తిన్నగా తగిలేదే మేలు. సామాన్లలో మొదట కొనాల్సింది చెవులకి మఫ్స్, కళ్ళకి రేంజ్ అద్దాలు. తర్వాత తాళం పడే ఇనప పెట్టె. తూటాలు వేరే చోట, వేరే తాళంలో. డబ్బు మిగిలితే క్లాసుకి కట్టండి. లేజర్ గురించి ఆ తర్వాత మాట్లాడదాం. ఇక ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లలూ, ఫోటో కోసమైనా చేతిలోకి తీసుకునే ముందు లాయర్‌ని అడగండి. వీసా పోతే ఏ తుపాకీ తెచ్చిపెట్టలేదు.

తూటాల మాటకొస్తే, ఆయుధాల గది గోడకి టెనెసీ సార్జెంట్ ఒక పాత బారెల్ మేకుకి తగిలించాడు. కొస అరటితొక్కలా విచ్చుకుని ఉంటుంది. దాని కథ రోజూ ఒకే ముక్కలో చెప్పేవాడు. "గొట్టంలో అడ్డం ఉంది, మనిషి చూసుకోలేదు, రెండు వేళ్ళు పోయాయి." బారెల్ మీద చెక్కిన సైజూ, తూటాల డబ్బా మీద రాసిన సైజూ అక్షరం అక్షరం కలవాలి అనేవాడు. లోపలికి పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఎవరో గరాజ్‌లో నింపి ఇచ్చిన తూటాలు ఫ్రీగా వచ్చినా వద్దు. నూనె కూడా అంతే, పోపుకి పోసినట్టు పోయొద్దు. ఆ ఎడారిలో ఎక్కువ నూనె పోసిన రైఫిళ్ళు మధ్యాహ్నానికి దుమ్ము పట్టి ముద్దయిపోయేవి.

అక్టోబర్‌లో ఒక ఉదయం ఏడింటికి రేంజ్ తెరిచాం. గాలి ఉత్తరం నుంచి, గట్టిగా వీస్తోంది. గేటు దగ్గర ప్రతి రైఫిల్ గొట్టంలోకీ ఇనప రాడ్ దింపి చూస్తాం. అడుగుదాకా వెళ్ళి ఠంగుమంటే ఖాళీ అన్నమాట. అన్నీ ఠంగుమన్నాయి. పొద్దుటి కాల్పులు సాఫీగా అయ్యాయి. భోజనాల వేళ రైఫిళ్ళన్నీ చెక్క స్టాండ్‌లో, మూతులు ఆకాశం వైపు పెట్టి నిలబెట్టాం. కాపలా వంతు నిఖిల్‌ది. రైఫిళ్ళు రేంజ్ దాటి బయటికి పోలేదు కాబట్టి, భోజనాల తర్వాత మళ్ళీ రాడ్ దింపే నియమం అప్పటికి లేదు.

రెండున్నరకి మళ్ళీ లైన్ మీదకి వచ్చారు. బోర్లా పడుకుని కాల్చే వంతు. ఒక్కో షూటర్‌కి ఒక్కో లేన్. ఐదు నుంచి ఎనిమిది లేన్ల వెనకాల నేను. టవర్ మీద మైకులో రేంజ్ ఆఫీసర్. ఆయన కెప్టెన్, మాటలు తూచి వాడే మనిషి.

"షూటర్స్, లోడ్ చేయండి."

మ్యాగజైన్లు టకటకా ఎక్కాయి. నేను ఏడో లేన్ దాటబోతున్నాను. నిఖిల్ చెంప రైఫిల్‌కి ఆనించి పడుకుని ఉన్నాడు. అతని ఎడమచెయ్యి పక్కన, నల్లటి రైఫిల్ మీద, మూడు పసుపు గీతలు. మధ్యలో ఎర్రటి బొట్టు.

ఆ ఎడారిలో అన్నీ మట్టి రంగే. ఇంకెవరైనా దాన్ని పెయింట్ అనుకుని దాటిపోయేవారు. నేను పండగ పండగకీ గడపకి పసుపు రాసి, వారం తర్వాత ఆ మరకలు తోమిన మనిషిని. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు దసరా అని. వీడు ఆయుధపూజ చేశాడు! పసుపు ఉంది, కుంకుమ ఉంది. అంటే అక్షింతలు కూడా ఉంటాయి. అక్షింతలు పైనుంచి చల్లుతారు. భోజనాల వేళ స్టాండ్‌లో రైఫిల్ మూతి పైకే ఉంది.

"సీజ్ ఫైర్!" అని అరిచాను. చెయ్యి ఊపాను. ఎదురుగాలి మాటని వెనక్కి తోసేసింది. నిఖిల్ చెవుల్లో ప్లగ్స్. వేలు ట్రిగ్గర్ మీదకి జారుతోంది. టవర్ నుంచి ఇంకొక్క మాట రావడమే ఆలస్యం. నేను అతని పక్కన మోకాళ్ళ మీద పడి, చెవి దగ్గర నోరు పెట్టి తెలుగులో గావుకేక పెట్టాను.

"ఒరేయ్, వేలు తియ్యరా! కాల్చావంటే చంపేస్తా!"

వేలు బయటికొచ్చింది. మనిషి బిగుసుకుపోయాడు. వాళ్ళమ్మ రేంజ్‌లోకి వచ్చేసిందనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఈలోగా నా చెయ్యి చూసి పక్క లేన్‌వాడు కేక అందుకున్నాడు. "సీజ్ ఫైర్" లైన్ పొడుగునా పాకింది. టవర్ మైకు కూడా అందుకుంది. ఒక్క తూటా పేలలేదు.

రేడియోలో కెప్టెన్ గొంతు. "ఏడో లేన్, ఏమైంది?"

"గొట్టంలో అడ్డం ఉందని అనుమానం, సార్. ఆయుధాల సార్జెంట్‌ని పంపండి."

మ్యాగజైన్ తీయించాను. లోపలి తూటా బయటికి లాగించాను. టెనెసీ సార్జెంట్ పరుగున వచ్చి మూతిలోంచి రాడ్ దింపాడు. ఠంగుమనలేదు. జానెడు దూరంలోనే మెత్తగా ఆగిపోయింది. ఆయన సోంపు నమలడం ఆపేశాడు. రైఫిల్ విప్పి, వెనకవైపు నుంచి రాడ్ పెట్టి నెట్టాడు. మూతిలోంచి పచ్చటి ముద్ద ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. తడి బియ్యం. పసుపు ముద్ద కట్టి, గట్టిగా అతుక్కుని ఉంది.

కెప్టెన్ టవర్ దిగి వచ్చాడు. ఆ చేతిలోకి చూశాడు.

"ఏంటిది?"

"బియ్యం, సార్" అన్నాను.

"బియ్యమా?"

"దీవించిన బియ్యం, సార్. ఇవాళ మాకు పండగ. ఆయుధానికి పూజ చేస్తాం."

"ఎవరు దీవించారు?"

నిఖిల్ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా అమ్మమ్మ, సార్. పార్సెల్‌లో పంపింది. టైమ్ కూడా చెప్పింది. రైస్ డ్రై అయిపోయింది, సో నేను వాటర్ కలిపాను."

కెప్టెన్ ఆ ముద్దని వేలితో నొక్కి చూశాడు. తర్వాత, "మీ అమ్మమ్మతో చెప్పు, ఈసారి నిన్ను దీవించమని. రైఫిల్‌ని నేను చూసుకుంటాను" అన్నాడు. టెనెసీ సార్జెంట్ ముందు ఫక్కున నవ్వాడు. ఆ తర్వాత అందరం నవ్వాం, పొట్టలు పట్టుకుని, ఏడుపొచ్చేంతగా. నిఖిల్ మాత్రం ఇసకలో కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. హమ్మయ్య అన్న మాట నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చిందో నాకే తెలియదు.

"అక్కా, ఐ కుడ్‌వ్ లాస్ట్ మై హ్యాండ్" అన్నాడు, వేళ్ళు ముడుస్తూ, చాపుతూ.

"పోలేదు కదరా. నీళ్ళు తాగు."

నిఖిల్‌ని వారం పాటు లైన్ నుంచి తీసేశారు. ఆ వారమంతా గేటు దగ్గర అందరి రైఫిళ్ళకీ రాడ్ దింపే పని అతనిదే. భోజనాల తర్వాత కూడా చూడాలన్న నియమం ఆ రోజు నుంచే మొదలైంది. దాన్ని రేంజ్‌లో అందరూ 'అమ్మమ్మ చెక్' అనేవాళ్ళు. మేం వెళ్ళిపోయాక వచ్చిన దళం కూడా అలాగే అంటోందని విన్నాను.

బియ్యం దొరికిన రోజు సాయంత్రమే అసలు గొడవ వచ్చింది. "అమ్మమ్మకి చెప్పకపోతే ఏం అక్కా?" అన్నాడు నిఖిల్.

"చెప్పు. మీ వీధిలో పిస్టల్ కొన్న అంకుల్ ఉన్నాడన్నావు. వచ్చే దసరాకి ఆయన చేత కూడా ఇలాగే పూజ చేయిస్తుంది."

స్పీకర్‌లో పెట్టి చెప్పాడు, వచ్చీరాని తెలుగులో, దాచకుండా. అవతల నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది.

"నేను పంపిన గింజలేనా నాన్నా?"

"యా, అమ్మమ్మా. బట్ ఐ యామ్ ఫైన్. నాకేం కాలేదు."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడ ఫోన్‌లోకి రాలేదు. ఆదివారం ఆదివారం వాళ్ళమ్మే మాట్లాడేది. "అమ్మమ్మ పడుకుంది రా", "అమ్మమ్మ గుడికెళ్ళింది రా". నిఖిల్ ఫోన్ పెట్టేశాక ట్రక్ కింద దూరి, లేని రిపేర్లు చేసేవాడు. "షీ హేట్స్ మీ, అక్కా" అన్నాడు ఒకసారి.

"పిచ్చి సన్నాసీ, నీ మీద కోపమైతే ఫోన్‌లో వాయించి పడేసేది. తన మీద తనకే భయం పట్టుకుంది. మాట్లాడితే ఏడుస్తుందని రావట్లేదు" అన్నాను. అన్నానేగానీ నాకూ గట్టి నమ్మకం లేదు.

డిసెంబర్ మొదటి వారంలో తిరిగొచ్చాం. న్యూజెర్సీలో సన్నగా మంచు పడుతోంది. మా కంపెనీ హాల్లో బెలూన్లు, జెండాలు, పిల్లల కేకలు. మావారు నన్ను ముందు చూశారు, నేను ఆయన్ని తర్వాత చూశాను, ఇద్దరం జనంలో ఒకరినొకరు గుద్దుకున్నాం. అంతా క్షేమంగా వచ్చాం, ఒక్కరికీ గీత పడలేదు. ఆ హాయి ఎలా ఉంటుందంటే, ఇరుకు బూట్లు విప్పాక కాళ్ళకి ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది.

అప్పుడు నిఖిల్ వైపు చూశాను. వాళ్ళమ్మా నాన్నా వాడిని వదిలి పక్కకి తప్పుకున్నారు. వాళ్ళ వెనకాల నుంచి అమ్మమ్మ వచ్చింది. చీర మీద పొడుగు చలికోటు, కాళ్ళకి తెల్ల స్నీకర్లు, చేతిలో ఏమీ లేదు. హారతి లేదు, బొట్టు పెట్టలేదు, కౌగిలించుకోలేదు.

"చేతులు చూపించు" అంది.

నిఖిల్ భుజం మీది బ్యాగ్ కింద పడేసి రెండు చేతులూ చాపాడు. ఆవిడ వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ పట్టుకుని, వంచి చూసి, పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరడుగుల సైనికుడు బుద్ధిగా వంగి నిలబడ్డాడు. చుట్టూ బెలూన్లు పేలుతున్నాయి, ఆవిడ తల తిప్పలేదు. పదికి వచ్చింది. నమ్మకం కుదరలేదేమో, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.