ఉబ్బిన పదకొండు మెట్లు

పియానోలో పీజీ చేస్తానంటే మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనడానికి అదేమిటో తెలిస్తే కదా! పలాస రైల్వే క్వార్టర్స్‌లో ఉండే టీచరమ్మ నాకు పదేళ్లు నేర్పింది. భర్త రిటైరై ఊరు విడిచి వెళ్తూ తన పాత పియానోను మా ఇంటికి పంపించేసింది.

రెండు కాలేజీల దరఖాస్తులు తెప్పించాను. కలకత్తాది రంగురంగుల పుస్తకం. చెన్నైది నాలుగే పేజీలు, అవీ నలుపు తెలుపు. టీచరమ్మ ఉత్తరం రాసింది: "బొమ్మలు చూడకు. వారానికి ఎన్ని గంటలు గురువు నీ పక్కన కూర్చుంటారో చూడు." చూశాను. చెన్నైకే పంపాలనుకున్నాను. వాళ్లు ముందు క్యాసెట్ వింటారు, నచ్చితేనే పిలుస్తారు. ఫారంలో 'మీకు నేర్పిన గురువులు' అని రెండు గీతలున్నాయి. మొదటిదాని మీద టీచరమ్మ పేరు రాశాను. రెండోది ఖాళీ.

గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా వానలు పట్టుకున్నాయి. కిటికీలోంచి జల్లు కొట్టి పియానో మెట్లు ఉబ్బిపోయాయి. నొక్కినవి కొన్ని పైకి లేవవు! బాగుచేసే మనిషి విశాఖలో ఉన్నాడు, ఈ వానలో రానన్నాడు. ఏడుస్తూనే ఎనభై ఎనిమిది మెట్లూ ఊడదీసి, ఆరతాయని చాప మీద వరసగా పేర్చి, స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి మా మేనత్త చాప దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అత్త కాశీబుగ్గలో జీడిపప్పు ఏరే పనికి వెళ్తుంది. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. ఏళ్ల తరబడి ఆ చేతులకు అదే పని. ఇప్పుడు నా మెట్లనూ వరస చెరిపేసి రెండు కుప్పలు పోసేసింది!

"నీకు ఏరడం తప్ప ఇంకేటి తెల్దా అత్తా? నా బతుకు బుగ్గి సేసీసినావు!" అని అరిచాను.

అత్త తల కూడా ఎత్తలేదు. "అరవకే తల్లీ. ఇటు సూడు, ఈ పదకొండే తడి పట్టినాయి. అన్నీ ఎందుకు ఊడదీసినావు?" అంటూ ఒక పొడి మెట్టును గోటితో కొట్టింది. టక్కుమంది. తడిదాన్ని కొడితే మొద్దుగా మోగింది. పదేళ్లు సంగీతం నేర్చుకున్న నా చెవికి అది తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పదకొండింటినీ అత్త చెంగున కట్టుకుని పనిలోకి తీసుకెళ్లి, పప్పు ఆరబెట్టే వెచ్చటి గదిలో ఓ మూల రెండు రోజులు ఉంచింది. "ఏటే ఇవి, ఏ దేశం జీడి?" అని తోటి ఆడవాళ్లు ఒకటే నవ్వులట. మూడో రోజు తిరిగొచ్చాయి. ప్రతి మెట్టు అడుగునా అంకె ఉందని అప్పుడే చూశాను; వరస తప్పకుండా బిగించాను. నొక్కాను. పదకొండూ లేచాయి!

మర్నాడు పొద్దున్న, మా ఇంటి పక్క పట్టాల మీద రెండు రైళ్ల మధ్య చప్పుడు లేని సందులో క్యాసెట్ నింపాను. అంత బాగా అంతకు ముందెప్పుడూ వాయించలేదు. పోస్టు చేసేముందు ఫారం తీసి, రెండో గీత మీద అత్త పేరు రాశాను.

పిలుపొచ్చింది. చెన్నైలో ముగ్గురి ముందు వాయించాక, వాళ్లలో పెద్దాయన ఫారం చూస్తూ, "ఈ రెండో గురువుగారు ఏం వాయిస్తారు?" అని అడిగారు.

"జీడిపప్పు ఏరతారండి" అని మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ పేరు ఇంకోసారి చదివారు. సాయంత్రం అంటించిన జాబితాలో నా పేరే మొదట ఉంది.

ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి అత్త పనిచేసే చోటికి ఫోన్ చేశాను. "అత్తా, సీటొచ్చింది!"

"రాక సస్తాదేటి?" అంది అత్త. "మెట్లు ఏరినది ఎవులనుకున్నావు!"