అక్కడేటీ నేదు

పోలిరాజు అబద్ధాల మనిషి కాదు. ఒక్క విషయంలో మాత్రం నలభై ఏళ్ళుగా అబద్ధమే చెబుతున్నాడు.

స్టీలు ప్లాంటుకి దక్షిణాన, ఒడ్డునే వాళ్ళ పల్లె. పల్లెకి ఎదర, ఎనిమిది బారల లోతున, సముద్రం అడుగున ఒక రాళ్ళగుట్ట ఉంది. దాని చుట్టూ చేప మేస్తుంది. అరవై దాటి, దూరం పోయే సత్తువ తగ్గాక, పోలిరాజు ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గుట్ట వల్లే. చోటు తండ్రి చూపించాడు. అతను భార్య మహాలక్ష్మమ్మకి కూడా చెప్పలేదు. అక్కడ గేలం వేసుకుని ఉండగా దూరంగా పడవ కనబడితే చాలు, తాడు లాగేసి, దారిన పోతున్నవాడిలా సాగిపోయేవాడు. ఎక్కువగా ఎదురయ్యేది చెల్లెలి మొగుడు నూకాలు పడవే. పాపం, అతనూ ఎప్పుడూ ఎటో పోతూనే కనబడేవాడు.

మొన్న వేసవిలో పల్లెకి కాగితం వచ్చింది, ‘హరిత ఉదజని ప్రణాళికపై మత్స్యకారులతో సమావేశం’ అని. ఉదజని అంటే ఎవరో కొత్త ఆఫీసరమ్మ కాబోలనుకుని, తుఫాను షెల్టరులో కుర్చీలు తుడిచి పెట్టారు. వచ్చినావిడ ప్రభుత్వ ఇంజనీరు ఇంద్రజ.

“ఉదజనమ్మ రానేదేటండి?” అంది చేపలమ్మే కాసులమ్మ.

ఇంద్రజ నవ్వాపుకుంది. “మనిషి కాదమ్మా, హైడ్రోజన్ వాయువు. ఎండ నుంచి తీసిన కరెంటుతో నీళ్ళని విడగొడితే వస్తుంది. దేశమంతా ఫ్యాక్టరీల్లో బొగ్గు బదులు అది వాడాలని ప్రభుత్వం ఆలోచన. స్టీలు కూడా దాంతో చెయ్యొచ్చు.”

“నీళ్ళలో కరెంటెడితే షాకు కొడతాదని మా ఆవిడకి సెప్పి సెప్పి సచ్చిపోతన్నాను. ఇప్పుడు గవర్మెంటే ఎడతాదంట,” అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఆవిడ గోడకి మ్యాపు అంటించింది. నేల మీద ప్రతి వీధికీ పేరుంది. సముద్రం మాత్రం వట్టి నీలం. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి వాడుకుని, మిగిలిన ముదురు ఉప్పునీటిని గొట్టంలో మళ్ళీ సముద్రంలోకి వదులుతారట. ఆ గొట్టమే మ్యాపులో ఎర్రగీత. ఒడ్డునున్న తమ పల్లె నుంచి గీత కొస దాకా పోలిరాజు కంటితో కొలుచుకున్నాడు. సరిగ్గా గుట్ట మీదే ఉంది.

“ఇది ముసాయిదానే, మార్చొచ్చు. ఈ కొస దగ్గర చేపలుండే చోట్లేమైనా ఉన్నాయా?” అంది ఇంద్రజ. “శుక్రవారం దాకా చూస్తాను. ఎవరూ చెప్పకపోతే ఖాళీ అనే రాస్తాను.”

వేటకెళ్ళే మగాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అక్కడేటీ నేదు మేడమ్,” అన్నాడు నూకాలు.

“ఇసకే,” అన్నాడు పోలిరాజు.

ఆవిడ రాసుకుంది.

ఆ పూట అన్నం దగ్గర మహాలక్ష్మమ్మ అడిగింది. “తినకుండా కెలుకుతన్నావేటి?”

మొదటిసారి ఆమెకి గుట్ట సంగతి చెప్పాడు. “మ్యాపులో ఎక్కితే రేపే అందరి పడవలూ అక్కడికొత్తాయే.”

“ఎక్కకపోతే ఆ ఉప్పునీరొచ్చి సేపలే ఉండవు. ఎవులికీ మిగలందాన్ని దాసుకుని ఏటి సేత్తావు?”

శుక్రవారం బస్సెక్కి పట్నంలోని సీతమ్మధారలో ఇంద్రజ ఆఫీసుకి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద, ఇస్త్రీ చొక్కాలో నూకాలు.

“ఏటి బావా, ఇటొచ్చినావు?” అన్నాడు పోలిరాజు.

“ఆధార్ పని. నువ్వో?”

“నానూ అదే.”

“ఇక్కడ ఆధార్ సెయ్యరంట బావా.”

“మరి నువ్వు కూకున్నావేటి?”

ఇంద్రజ ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచి, బల్ల మీద మ్యాపు పరిచింది. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పనుకున్నారు. “పెద్దోడివి, నువ్వే సెప్పు,” అన్నాడు నూకాలు. పడవలోంచి ఒడ్డుకేసి చూస్తున్నట్టు పోలిరాజు కళ్ళు మూసుకున్నాడు.

“స్టీలు ప్లాంటు పెద్ద పొగ్గొట్టం ఎనకాల కొండ నొక్కులో కూకోవాల. అప్పుడు…”

“అప్పుడు యారాడ కొండ సాటు నుంచి లైట్‌హౌసు తొంగి సూడాల,” అన్నాడు నూకాలు.

పోలిరాజు కళ్ళు తెరిచి అతనికేసి తిరిగాడు.

“అయితే నువ్వు ఎటూ పోయీవోడివి కాదన్నమాట,” అన్నాడు పోలిరాజు.

“నువ్వెళ్ళినావేటి?”

ఇంద్రజ పెన్సిలుతో ఆ రెండు గుర్తుల నుంచీ సముద్రంలోకి గీతలు గీసి, కలిసిన చోట సున్నా చుట్టింది. పేరేం రాయమంటారని అడిగింది. ఎన్నడూ పైకి అనని చోటుకి పేరెక్కడిది? ‘రాళ్ళగుట్ట’ అని రాసి కింద ఇద్దరి పేర్లూ వేసింది. “పైకి పంపుతాను. గొట్టం జరుగుతుందని మాటివ్వలేను. అక్కడ ఖాళీ అని మాత్రం ఇక ఎవరూ అనలేరు.”

గుమ్మం దాకా వెళ్ళి పోలిరాజు ఆగాడు. “ఆ ఉదజనితో స్టీలు సేత్తే పొగ్గొట్టాలు తీసెత్తారా అమ్మా?”

“అది ఇప్పుడే చెప్పలేను.”

“పొగ నేకపోయినా పర్నేదు. ఆ పెద్ద పొగ్గొట్టం మాత్రం ఉంచమని రాయండి.”

ఆవిడ అదీ రాసుకుంది.

ఎర్రగీత సంగతి ఇంకా తేలలేదు. కానీ ఆఫీసుకెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్నే పోలిరాజు గుట్ట మీద గేలం వేసుకుని ఉండగా నూకాలు పడవ వచ్చింది. అలవాటుగా అతని చెయ్యి తాడు లాగబోయి, ఆగింది.

“ఎటు బావా?”

“ఇటే,” అన్నాడు నూకాలు.