సింహాద్రి కొరకని మామిడికాయ

"మేడమ్, మా ఊళ్లో నాటకం ఆడతన్నాం. రాసింది నేనే. మీరు రాకపోతే తెర లేపను" అని చిట్టెమ్మ ఫోన్ చేసింది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను మనసులో సంచీ సర్దేసుకున్నాను. చింతపల్లి దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదేళ్లు తెలుగు చెప్పిన దాన్ని. చిట్టెమ్మ ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకనాడు పాఠం పక్కన పెట్టి ఒక పాత విషాద నాటకం కథ చెప్పాను. తనను నమ్మిన దొరను చంపి గద్దె ఎక్కినవాడు చివరికి ఎలా నాశనమయ్యాడన్నది కథ. అందరూ చెవులప్పగించి విన్నారు. చిట్టెమ్మ మాత్రం లేచి, "ఆడు సెడ్డోడు ఎప్పుడయ్యాడు మేడమ్? సంపినప్పుడా, సంపాలనుకున్నప్పుడా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాక, "అది పరీక్షలో రాదులే, కూర్చో" అన్నాను. ఆ పిల్ల ఇప్పుడు సొంత ఊళ్లోనే పంతులమ్మ. ఆ కథనే తన కొండల కథగా మార్చి నాటకం రాసిందంటే నేను వెళ్లకుండా ఉంటానా?

మార్చి నెలాఖరు. విశాఖపట్నంలో తెల్లవారుజామున ఐదింటి బస్సు పట్టుకుంటే ఏడున్నరకి నర్సీపట్నం చేరాను. అక్కడ ఇడ్లీ తిని చింతపల్లి బస్సెక్కాను. ఘాట్ మొదలయ్యాక కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టమే గానీ, కడుపు తిప్పే అలవాటుంటే ముందు వైపు కూర్చోవడం మేలు. లంబసింగి దగ్గర బొంగులో చికెన్ కోసం కార్లు బారులు తీరి ఉన్నాయి. మా బస్సు వాటి మధ్య నుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. పదిన్నరకి చింతపల్లిలో దిగాను. రెండు బస్సులకీ కలిపి మూడు వందల్లోపే అయింది.

చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి వైపు షేర్ జీపులు తిరుగుతాయి. సీట్లు నిండితే గాని కదలవు. నిండాక కూడా ఇంకో ముగ్గురిని ఎక్కించుకుంటారు. చిట్టెమ్మ ఊరు దారిలోనే, రోడ్డు మీంచి ఓ కిలోమీటరు లోపలికి. మనిషికి యాభై రూపాయలు.

"ఏటి మేడమ్, ఒక్కలే వచ్చీసినారా? కాఫీ తోటలు సూడ్డానికా?" అన్నాడు డ్రైవరు.

"కాదు, నాటకం చూడ్డానికి. మా స్టూడెంట్ రాసింది."

"చిట్టెమ్మ టీచరుగారిదా! మా ఆవిడా సూత్తానంటంది. పూజారి తాత ఒప్పుకుంటే కొత్తల పండగనాడు నలభై ఊళ్ల ముందర మళ్లీ ఆడతారంట. ఒప్పుకోకపోతే ఇయ్యాళ్టితో సరంట కదండీ!"

సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఊళ్లో ఏ పండగ ఎప్పుడో, అందులో ఏం జరగాలో చెప్పేది పూజారి తాత. పండగనాడు అమ్మవారి ముందు ఆటలూ పాటలే గాని నాటకం ఎప్పుడూ ఆడలేదు. "ముందు సూత్తాను, తరవాత సెప్తాను" అన్నాడట. అందుకే ఈ వేళ మధ్యాహ్నం మూడింటికి ఆయన ముందు ఆడి చూపిస్తున్నారు. చిట్టెమ్మ ఆరు నెలల కష్టమంతా ఆయన తల ఊపడం మీద ఆగి ఉంది.

మధ్యాహ్నం భోజనం సింహాద్రి ఇంట్లో. సింహాద్రి కాఫీ, మిరియాలు పండించే రైతు. నాటకంలో గద్దె కోసం దొరను చంపేది ఆయనే. అంత నెమ్మదైన మనిషి హంతకుడేమిటని నాకు నవ్వొచ్చింది. ఆయన భార్య రాజులమ్మ రాగి అంబలి, వేడన్నం, చిక్కుడు గింజల కూర పెట్టింది. పెరట్లో మామిడి చెట్టు కాయలతో వంగిపోయి ఉంది. నా నోరు ఊరుకుంటుందా! "ఒక కాయ కోసి ఉప్పూ కారం వేసి పెట్టమ్మా" అన్నాను.

రాజులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంకా కొత్తల పండగ సెయ్యనేదు కదమ్మా. అమ్మోరికి పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే మాం ముట్టుకుంతాం. పచ్చడికైనా కొయ్యం."

సిగ్గుతో చచ్చిపోయాను. తొమ్మిదేళ్లు ఈ కొండల్లో జీతం తీసుకున్నాను. క్వార్టర్స్‌లో కూర్చుని నర్సీపట్నం మామిడికాయలతో పప్పు వండుకున్నానే తప్ప, పక్క ఊరివాళ్లు కాయ ఎప్పుడు ముట్టుకుంటారో ఏనాడూ అడగలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చిట్టెమ్మ వచ్చి చివరి రంగం చెప్పింది: ముఠాదారును, అంటే ఆ రోజుల్లో కొన్ని ఊళ్ల పైన పెద్దను, అతిథిగా పిలిచి నిద్రలో చంపినవాడు గద్దె మీద కూర్చుంటాడు. అందరికన్నా ముందు కొత్త కాయ తినే అధికారం తనదేనని గాలికి రాలిన మామిడికాయ చేతిలోకి తీసుకుంటాడు. మిగతాది వినకుండానే నా బుర్రలో దీపం వెలిగింది. "సింహాద్రీ, నిజంగానే కొరికెయ్! ఒక్క కొరుకు. జనం గుండెలు ఆగిపోతాయి. ఇలాంటి ముగింపు పట్నంలో వెయ్యి నాటకాల్లో ఒకదానికి దొరకదు" అన్నాను. ఆ నాటకం గొప్పగా రావాలని నాకున్న ఆశ అంతా ఇంతా కాదు. నా శిష్యురాలి నాటకం మరి!

సింహాద్రి కంచం పక్కకి జరిపాడు. "మా గుంటకి సదువు సెప్పినారు. మీరు సెప్తే సేస్తానమ్మా" అన్నాడు. చిట్టెమ్మ ఆయన అన్న కూతురు.

"ఒద్దు మేడమ్" అంది చిట్టెమ్మ. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని పిల్ల! "సిన్నాన్న కొరికితే అది నాటకం కాదు. నిజంగానే ఊరు ఆ ఇంటికి నీళ్లివ్వదు. రాసింది రాసినట్టే ఆడతాం."

నాకు కోపం వచ్చింది, దాచను. పాఠం చెప్పినదానికే పాఠమా అనుకున్నాను. మూతి ముడుచుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను.

కాఫీ గింజలు ఆరబెట్టే సిమెంటు కళ్లమే రంగస్థలం. రెండు దుప్పట్లే తెరలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నాలుగైదు వందల మంది ఉంటారు. పూజారి తాత నాకు నాలుగడుగుల దూరంలో కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముఠాదారు హత్య జరిగింది. అబద్ధాలు జరిగాయి. ప్రాణ స్నేహితుణ్ణి ఊరి నుంచి తరిమేయడం జరిగింది. సింహాద్రి ముఖంలో నెమ్మది ఒక్కో రంగానికీ కొంచెం కొంచెం పోవడం కళ్లారా చూశాను. అంత నటుడు ఆ మనిషిలో ఎక్కడ దాక్కున్నాడో!

చివరికి కాయ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లం అంతా ఒక్కసారి కదిలింది. "ఒద్దురా!" అని వెనక నుంచి ఒక ముసలమ్మ అరిచింది. రాజులమ్మ లేచి నిలబడింది. సింహాద్రి కాయను పెదవుల దాకా తెచ్చి ఆగాడు. సరిగ్గా నా వైపే చూశాడు. నా మాట నిలబెట్టడానికి కొరికేస్తాడేమో! నా గొప్ప కోసం ఆ మనిషి ఇల్లు కూలుతుందే! తల అడ్డంగా ఊపాను. వద్దు, వద్దు అని పెదవులు కదిపాను.

ఆయన చెయ్యి దించాడు. నన్ను చూసి దించాడో, చిట్టెమ్మ రాసిందే అంతో అప్పుడు తెలియలేదు. కాయను నాటకంలోని పెళ్లానికి చాపాడు. ఆమె వెనుదిరిగింది. కొడుక్కి చాపాడు. వాడూ వెనుదిరిగాడు. బంట్లకు, చివరికి ఎదురుగా కూర్చున్న మాకందరికీ చాపాడు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. "ముందు తినేవోణ్ణి నేనే. నాతో తినీవోడే లేడు" అని గద్దె కింద కూలబడ్డాడు. కాయ చేతిలో అలాగే ఉండిపోయింది.

చప్పట్లు లేవు. అందరూ తాత వైపు చూశారు. ఆయన మెల్లగా లేచి కళ్లం ఎక్కి, సింహాద్రి చేతిలోంచి కాయ తీసుకుని పక్కన పెట్టాడు. "పండగనాడు ఆడండి. పూజయ్యాక కొత్త కాయ ముందు ఈడికే పెడతాను" అన్నాడు. అప్పుడు లేచిందండీ గోల! డప్పులు వాటంతటవే మోగినట్టు మోగాయి. చిట్టెమ్మ నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. దాన్ని పట్టుకుని నేను బాహాటంగా ఏడ్చాను. "సిన్నాన్న ఆగడం స్క్రిప్టులోదే మేడమ్, మిమ్మల్ని సూడ్డం మాత్రం కాదు" అంది నవ్వుతూ.

తిరుగు జీపు ఐదింటికి. చింతపల్లిలో బస్సెక్కి ఘాట్ దిగుతూ ఆలోచించుకున్నాను. వాడు చెడ్డవాడు ఎప్పుడయ్యాడని అడిగిన పిల్లకి నేను ఇవ్వలేని జవాబు ఇన్నేళ్లకి ఆ పిల్లే ఇచ్చింది. పదిమందితో కలిసి తినాల్సింది ముందు నాకే కావాలి అనుకున్నప్పుడు అయ్యాడు. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర నేనూ కొంచెం అయ్యాను. నన్ను ఆపింది నా దగ్గర చదువుకున్న పిల్లే. నా ఉద్యోగంలో వచ్చిన ప్రశంసాపత్రాలన్నీ ఒక పక్కన, ఆ "ఒద్దు మేడమ్" ఒక పక్కన. ఇంతకన్నా గర్వం నాకు ఇంకెక్కడా దొరకదు.

మీరూ మార్చి, ఏప్రిల్‌లో ఈ వైపు వస్తే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. చెట్టు కింద రాలిన కాయైనా సరే, ఏరుకోకండి, అడగకండి. ముందు "కొత్తల పండగ అయిందా?" అని ఊళ్లో కనుక్కోండి. అయ్యుంటే అడక్కుండానే వాళ్లే మీ చేతిలో పెడతారు.