చాత్తుకుట్టి మాష్ ఎర్రగీత

కేరళలో ఒక ఊరి గ్రంథాలయానికి వచ్చింది ఒకే ఒక్క కంప్యూటరు. వాడుకునేవాళ్ళు పదకొండు మంది. మామూలు మనుషులైతే వంతులేసుకుని వాడుకునేవాళ్ళు. కానీ అక్కడ కార్యదర్శి చాత్తుకుట్టి మాష్. ముప్పై మూడేళ్ళు బడిలో హాజరుపట్టీ తప్ప ఇంకేదీ మనసుపెట్టి చదవని ఆ మేష్టారికి రిటైరయ్యాక ఏలుకోడానికో రాజ్యం దొరికింది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడని ఊరికే అన్నారా?

మనిషికో అకౌంటు, అకౌంటుకో పాస్‌వర్డు పెట్టించాడు. అన్నిటిమీదా పెత్తనం చేసే అకౌంటు మాత్రం తనది. పన్నెండు నిబంధనలు తనే టైపు చేసి గోడకి అంటించాడు. బయటి పెన్‌డ్రైవులు పెట్టరాదన్నది అందులో ఏడోది. వాటివల్ల కంప్యూటరుకి రోగాలొస్తాయని ఆయనెక్కడో విన్నాడు. నిబంధనల కింద సభ్యుల జాబితా. మొదట తన పేరు, ఆ తర్వాత అధ్యక్షుడిది, ఆ తర్వాత కమిటీవాళ్ళవి, అట్టడుగున కార్త్యాయనిది.

కార్త్యాయని బీడీలు చుట్టిన మనిషి. పద్నాలుగో ఏట కణ్ణూరు దగ్గర ఒక కంపెనీ షెడ్డులో కూర్చుంది, కంపెనీ మూతపడ్డ రోజున లేచింది. షెడ్డులో ఒకరు పేపరు పైకి చదివితే మిగతావాళ్ళు వింటూ చుట్టేవాళ్ళు. చదివే మనిషి వంతు బీడీలు కూడా తలా కాసిని వాళ్ళే చుట్టిపెట్టేవాళ్ళు. ఆమె చదువంతా అలా చెవుల్లోంచి వచ్చిందే.

ఆ షెడ్డులో ఆమెతో పాటు కూర్చున్న ఆడవాళ్ళు నలభై మంది. గ్రంథాలయం అలమరలో నాయకుల జీవితచరిత్రలు దిండ్లంత లావున ఉన్నాయి. ఆ నాయకుల్లో కొందరు జన్మలో ఒక్క బీడీ చుట్టి ఎరగరు. చుట్టినవాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. కార్త్యాయనికి అది చూస్తే ఒళ్ళు మండేది. మనిషికో పేజీ తనే రాస్తానని కూర్చుంది. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. సోమవారం, గురువారం పొద్దున పూట వచ్చి ఒక్క వేలుతో టైపు చేసేది. రెండేళ్ళలో ముప్పై ఒక్క పేజీలయ్యాయి. తమ కథ చెప్పుకున్నవాళ్ళలో తొమ్మిది మంది ఈలోగానే పోయారు.

అప్పుడు కళ్ళకి ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. ఒక కంటి తర్వాత ఇంకో కంటికి. మూడున్నర నెలలు ఆమె గ్రంథాలయం గడప తొక్కలేదు. తిరిగొచ్చి చూస్తే గోడమీది జాబితాలో తన పేరుకి అడ్డంగా ఎర్రసిరా గీత ఉంది. కంప్యూటరు తెరమీద పేరే లేదు.

"మూడు నెలలు దాటింది కదా ఏచ్చీ. పదకొండో రూలు," అన్నాడు మాష్, కళ్ళజోడు సర్దుకుంటూ. వయసులో పెద్దది కాబట్టి అక్కా అన్నట్టు ఏచ్చీ అని పిలవడంలో మాత్రం ఆయన ఏ లోటూ చెయ్యడు. కొత్త దరఖాస్తు, రెండు ఫొటోలు ఇస్తే మళ్ళీ చేర్చుకుంటానన్నాడు.

ఆయనతో వాదించడం దండగని ఆమెకి తెలుసు. దరఖాస్తు నింపింది. ఆయన గంటసేపు కూర్చుని కొత్త అకౌంటు తెరిచి, వరమిచ్చినట్టు కుర్చీ ఆమె వైపు తిప్పాడు. లోపల ఆమె రాసిన పేజీ ఒక్కటీ లేదు.

ఎక్కడికి పోతాయి, ఉంటాయిలెమ్మని మాష్ తేలిగ్గా తీసిపారేశాడు. రిజిస్టరులో చందాదారు పేరు కొట్టేస్తే అలమరలో పుస్తకాలు మాయమవుతాయా అని ఎదురు ప్రశ్న వేశాడు. కార్యదర్శి అయిన దగ్గర్నుంచీ ఆయన పేర్లు కొట్టేస్తూనే ఉన్నాడు, ఏనాడూ ఒక పుస్తకం పోలేదు. అధ్యక్షుడి అకౌంటులో వెతికాడు, కమిటీవాళ్ళందరి అకౌంట్లలో వెతికాడు. మధ్యాహ్నానికి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. చివరికి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే సజీవన్‌ని పిలిపించాడు.

సజీవన్ రెండు రోజులు కుస్తీ పట్టాడు. ఏమీ తిరిగి రాలేదు. పెన్‌డ్రైవులో ఇంకో కాపీ ఉందా అని కార్త్యాయనిని అడిగాడు. ఆమె గోడమీది ఏడో నిబంధన వైపు చూసింది.

"మాష్, అకౌంటు తీసేసేటప్పుడు అందులోవి ఉంచమంటావా, తీసెయ్యమంటావా అని అది అడిగుంటుందే," అన్నాడు సజీవన్.

మాష్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏదో అడిగింది. నేను చదవలేదు."

పిల్లలు ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే ముప్పై మూడేళ్ళు వాళ్ళ వేళ్ళమీద బెత్తంతో కొట్టిన మనిషి ఆయన.

"మా షెడ్డులో చదివేవాడు మందుల ప్రకటన కూడా వదిలేవాడు కాదు, మాష్," అంది కార్త్యాయని. "ఒక్క ముక్క మింగినా మేం ఊరుకునేవాళ్ళం కాదు. వాడి బీడీలు మేం చుడుతున్నాం కదా."

మాష్ తలెత్తలేదు. ఇంకో కొత్త అకౌంటు తెరిచిపెడతానన్నాడు. పేరు ఈసారి జాబితాలో రెండోది చేస్తానన్నాడు.

"వద్దు. మీ అకౌంటు తెరవండి, అందులో రాస్తాను. దాన్ని మీరు చచ్చినా కొట్టెయ్యరు."

ఆయన తెరిచాడు. మూడేళ్ళ పెత్తనంలో ఆయన దాచుకున్నది ఒకే ఒక్క ఫైలు, గోడమీదున్న ఆ పన్నెండు నిబంధనలు. కార్త్యాయని దాన్ని చూసి నవ్వనైనా నవ్వలేదు. కొత్త పేజీ తీసి, పై వరుసలో నాణి అని కొట్టింది. షెడ్డులో తన కుడిపక్కన ఇరవయ్యేళ్ళు కూర్చున్న మనిషి.

చిన్నప్పుడు నాణిని వాళ్ళమ్మ ఇంకేదో పేరుతో పిలిచేదట. పోయే ముందు నెలలో ఆ పేరు చెప్పి నాణి సిగ్గుపడింది. పాత పేజీలో మొదటి మాట అదే. కార్త్యాయని వేలు మీటల మీద ఆగింది. ఎంత ఆలోచించినా ఆ పేరు గుర్తుకు రాలేదు.