కటక్కా, కటకటా?

ఆయనకు ఏ మాటైనా ఒకసారి అంటే తృప్తి ఉండదు. తలుపు తట్టినవాళ్ళతో "వస్తున్నా వస్తున్నా" అంటాడు. కూర బాగుంటే "వెయ్యి వెయ్యి" అంటాడు. ఒక్క తుమ్ము వస్తే పొద్దుటినుంచీ తుమ్ములే తుమ్ములని ఇల్లంతా చాటింపు వేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా తనమీద ప్రేమ ఎక్కువై అనుకుని మొక్కలక్క తెగ మురిసిపోయింది. గ్యాసు బండ తెచ్చేవాడితో కూడా ఆయన అలాగే మాట్లాడతాడని తర్వాత తెలిసింది.

మొక్కలక్కను ఎరగని వీధి లేదు. పాత పికప్ వెనక గులాబీ, నిమ్మ, మల్లె కుండీలు నింపుకుని తనే నడుపుకుంటూ తిరిగి అమ్ముతుంది. నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగు. మొదటివారం గోడను గుద్దిన సొట్ట బంపరు మీద ఇంకా ఉంది, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అంతకుముందు ఎవరో తీసుకెళ్తే వెళ్ళింది, ఎవరో తీసుకొస్తే వచ్చింది. ఆ బండి ఎక్కాకే తన కాళ్ళమీద తాను నిలబడింది. "కూర్చునే నిలబడ్డానులే" అని తనమీద తనే జోకు వేసుకుంటుంది.

అలాంటి బండి కింద చప్పుడు మొదలైంది. ఆయన షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, "కటకటా కటకటా కొట్టుకుంటోందయ్యా" అన్నాడు.

మేస్త్రీ అటునుంచి నిట్టూర్చాడు. "కటకటా అంటే వెనక ఇరుసులో పళ్ళచక్రాలు అరిగిపోయినట్టే. అంత పాత బండికి అవన్నీ మార్పించేకంటే అమ్మేసుకోండి."

ఆయన పాత ఇనుము వ్యాపారిని సాయంత్రం రమ్మని చెప్పేశాడు. ఆ మాట విని మొక్కలక్క గుండెల్లో రాయి పడింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా. నడిపేది తను. దాని జబ్బేమిటో మాత్రం ఇద్దరు మగవాళ్ళు ఫోన్లో తేల్చేశారు! తాళాలు తీసుకుని బండి ఎక్కింది. "ఉండు ఉండు" అంటూ ఆయనా పక్కన ఎక్కాడు.

షెడ్డులో దిగీ దిగగానే అడిగింది. "మేస్త్రీ, చప్పుడు నువ్వు విన్నావా?"

"బావగారు చెప్పారు కదక్కా."

"ఆయన చెప్పింది కాదు, నేను చెప్పేది విను. కటకటా కాదు, కటక్. ఒక్కసారే! గేరేసి క్లచ్చి వదిలానా, కటక్. తర్వాత నోరెత్తదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీశానా, మళ్ళీ ఒక్క కటక్."

మేస్త్రీ చేతిలో పానా కింద పెట్టేశాడు. "పరిగెత్తినంతసేపూ మోగదా?"

"మోగితే నీ దగ్గర దాస్తానా?"

"పళ్ళు పోతే దారి పొడుగునా అరుస్తుందక్కా. ఒక్కసారే అందంటే ఎక్కడో సందు పడింది. లాగినప్పుడో, వదిలినప్పుడో ఆ సందు మూసుకుంటూ కొట్టుకుంటోంది."

"నేను చెప్పిందీ అదే అదే," అన్నాడాయన.

"మీరు కాస్త ఊరుకోండి."

"ఊరుకున్నా ఊరుకున్నా."

మేస్త్రీ చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, గేరు తప్పించి, బండి కిందికి దూరాడు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుదాకా వెళ్ళే పొడుగాటి షాఫ్టును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

కటక్.

"ఇదే! ఇదే!" అని అరిచింది మొక్కలక్క. ఆయన గాలి తనకూ సోకిందని ఆ తర్వాత గమనించింది.

షాఫ్టు చివర జాయింటును కలిపి ఉంచే కూడిక గుర్తులాంటి ఇనుప ముక్క, క్రాసు, వదులైపోయింది. దాని మూతల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. గ్రీజు మొహం చూసి ఎన్నాళ్ళయిందో! అయినా మేస్త్రీ అక్కడితో ఆగలేదు. వెనక ఇరుసులో నూనె కొంచెం దించి వేళ్ళమధ్య రుద్ది చూశాడు. ఇనుప రజను తగల్లేదు.

"పళ్ళు నిక్షేపంగా ఉన్నాయక్కా. క్రాసు మారిస్తే చాలు. ఫోన్లోనే తీర్పు చెప్పేశాను, నాదే బుద్ధితక్కువ."

కొత్త క్రాసు వేశాక మొక్కలక్క గేరు వేసింది, వదిలింది. ముందుకి, వెనక్కి. చప్పుడు లేదు. ఏడుపొచ్చింది. అద్దం సరిచేసుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకుంది. పక్కసీట్లో ఆయన చూశాడు.

ఇంటికి చేరేసరికి వ్యాపారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, బంపరు మీది సొట్టను వేలితో తట్టి, "ఇస్తున్నట్టేగా?" అన్నాడు.

"ఇవ్వను," అన్నాడాయన.

మొక్కలక్క స్టీరింగు పట్టుకుని రెండోసారి కోసం చూసింది. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళి కుండీలు బండిలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.