హారన్ లేకుండా బ్యారేజీ దాటిన మా అత్తగారు

రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను నిడదవోలులో మా ఇంటి ముందు కారు కడుగుతున్నాను. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారిని ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పారు. ఆవిడకి దుమ్ము పట్టిన కారు ఎక్కడం ఇష్టం ఉండదు. అందుకని తడిగుడ్డతో అద్దాలు తుడుస్తున్నాను. "అమ్మ వెళ్ళిపోయిందే," అన్నారాయన. న్యుమోనియా తగ్గింది గానీ గుండె తట్టుకోలేదట. నేను అద్దం తుడవడం ఆపలేదు. మిగిలిన సగం కూడా తుడిచి, అప్పుడు కూర్చుని ఏడ్చాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కాకినాడ బయల్దేరుతూ నన్ను పిలిచారు. "అమ్మా, ఆ కారు సంగతి..." అన్నారు. ఒకప్పుడు ఆ కారు అమ్మి తీరాలని పట్టుబట్టింది ఆయనే. "ఈ హడావిడిలో స్టార్ట్ చేస్తున్నావా లేదా? బ్యాటరీ దిగిపోద్ది," అని చెప్పి, మొహం తిప్పుకుని వెళ్ళి ఆటో ఎక్కేశారు. అంతటి మనిషిని అంత మార్చింది మా అత్తగారు. ఎలా మార్చారో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ కారు మామయ్యగారు ఉద్యోగంలోంచి రిటైరైన ఏడాది కొన్నది. ఆయన ఉన్నన్నాళ్ళూ అత్తయ్యగారు వెనకసీట్లో కూర్చునేవారు. కారు గురించి ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏసీ తగ్గిస్తారా, చెవులు లాగేస్తున్నాయి." మామయ్యగారు పోయాక కారు కదలకుండా పడి ఉంది. బావగారు ఒక కొనే మనిషిని చూశారు. సరిగ్గా అప్పుడే ఆత్రేయపురంలో అత్తయ్యగారి అక్కగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. చిన్నప్పుడు తల్లి పోతే ఈవిణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఆ అక్కగారే. నిడదవోలు నుంచి అక్కడికి బస్సుల్లో వెళ్ళాలంటే మారి మారి వెళ్ళాలి, సాయంత్రానికి తిరిగి రావడం గండం. ఒకసారి అత్తయ్యగారు అలాగే వెళ్ళొచ్చి, కాళ్ళు వాచి, మంచం మీద కూర్చుని, "కారు అమ్మకండ్రా. నేను నేర్చుకుంటాను," అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. ఎండాకాలం వెళ్ళేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, కాలవగట్టు మీద కారు నడిపేస్తున్నారు.

నడపడం వచ్చింది గానీ కారు ముసలిదైపోయింది. మా డెల్టాలో గాలే తడి. కాలవల పక్కన పెట్టిన బండికి ఇనుము తుప్పు పట్టకపోతే ఆశ్చర్యం. ఒకరోజు తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను తిరగదు. ఇంకోరోజు ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ కన్నుగీటినట్టు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. స్టేషన్ దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు, బాగా పనిమంతుడు. అత్తయ్యగారు బాగుచేయించుకుని వచ్చేయకుండా అక్కడే స్టూలు వేయించుకుని కూర్చునేవారు.

"మీరలా చూస్తుంటే నాకు చేతులు ఆడట్లేదమ్మా," అన్నాడాయన ఓసారి.

"నా చేతులు ఆడటానికే చూస్తున్నానండీ. దారిలో ఆగిపోతే మీరు రాలేరు కదా!"

ఆయన నవ్వి, పాత బల్బుకి రెండు తీగలు అతికి ఆవిడ చేతిలో పెట్టాడు. ఒక తీగ కారు బాడీకి ఆనించి, రెండోది అనుమానమున్న చోట ఆనిస్తే, కరెంటు అందాకా వస్తుంటే బల్బు వెలుగుతుంది. "ఎక్కడిదాకా వెలిగిందో అక్కడిదాకా మంచి. ఎక్కడ ఆరిందో దానికీ దీనికీ మధ్యలోనే రోగం," అని నేర్పాడు. దగ్గరుండి ఓపిగ్గా నేర్పాడు. ఆవిడ ఆయన్ని చివరిదాకా గురువుగారనే పిలిచారు.

ఆ టకటక రోగం కనిపెట్టింది మాత్రం ఆవిడే. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొసలకి తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయి ఉంది. "ఇదేంటి, ఇత్తడి చెంబుకి చిలుం పట్టినట్టు!" అంటూ నన్ను వేణ్ణీళ్ళూ, వంటసోడా తెమ్మన్నారు. ముందు నలుపు తీగ విప్పాలి, తర్వాత ఎరుపు. బిగించేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నలుపు. వేణ్ణీళ్ళలో సోడా కలిపి పోస్తే ఆ పొడి బుసబుసమని పొంగి కరిగిపోయింది. తుడిచి, ఆరనిచ్చి, బిగించి, పైన కాస్త వాజిలీన్ రాశారు. తాళం తిప్పగానే ఇంజను ఒక్కసారిగా అందుకుంది. ఆవిడ స్టీరింగు మీద చెయ్యేసి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్ల చూపు అది.

అప్పట్నుంచి నేను ఆవిడ పక్కన టార్చి పట్టుకునేదాన్నయ్యాను. నాది చిన్న గొంతు. స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను, అక్కడ గొంతుతో పని లేదు. నేను పిలిస్తే పక్కగదికి వినపడదని మా ఇంట్లో నవ్వుకుంటారు. అత్తయ్యగారికి మాత్రం వినపడేది. "ఏం కనపడిందో చెప్పమ్మాయ్," అనేవారు. "ఏమనుకుంటున్నావో తర్వాత. ముందు కనపడింది చెప్పు."

ఆవిడకి ఒక పద్ధతుండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. "పులుసు రుచి తప్పిందని ఉప్పూ బెల్లమూ ఒక్కసారే వేసేస్తే, ఏది తక్కువైందో జన్మలో తెలీదు," అనేవారు. ఆ హెడ్‌లైట్ కన్నుగీటుడుకి మా ఆయన బల్బు మారుద్దామన్నారు, బావగారు ఫోన్లోనే వైరింగు మొత్తం మార్చేయమన్నారు. ఆవిడ మాత్రం లైటు వెనక నుంచి బాడీకి బిగించిన నల్లతీగ దగ్గరికి వెళ్ళి, ఆ బోల్టు విప్పి చూశారు. కింద అంతా తుప్పు. గరుకు కాయితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే లైటు నిలకడగా వెలిగింది. "వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళడానికి దారుండాలి కదే. పుట్టింటికి దారి మూసేస్తే ఏ ఆడపిల్ల మొహం వెలుగుద్ది?" అన్నారు.

ఒక్కరోజే ఆవిడ కోపం చూశాను. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని మా ఆయన అందులో రాగితీగ చుట్టారు. "ఫ్యూజు నీకు కబురు చెప్పడానికొచ్చిందిరా! కబురు తెచ్చినవాడి నోరు కట్టేస్తావా? ఆ తీగ కాలదు. కారు కాలుద్ది, లోపల మేమిద్దరం కాలతాం," అని అప్పటికప్పుడు తీయించారు. వెతికితే డోరు దగ్గర ఒరుసుకుపోయిన తీగ దొరికింది. పెద్ద ఉద్యోగం చేస్తున్న కొడుకు తల దించుకుని దానికి టేపు చుట్టాడు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే జబ్బు మాత్రం మమ్మల్ని చాలాకాలం ఏడిపించింది. అన్నీ ఆపేసే ఉంటాయి, పొద్దున్నకి ప్రాణం ఉండదు. ఆవిడ రాత్రికొక్క ఫ్యూజు చొప్పున తీసి, పొద్దున్న బ్యాటరీ నిలిచిందో లేదో చూస్తూ, లోపలి దీపాల ఫ్యూజు దగ్గర దొంగని పట్టారు. సీటుపైన దీపం ఆరే ఉంది. ఇక మిగిలింది డిక్కీలో దీపం. డిక్కీ మూస్తే అది ఆరాలి. మూశాక ఆరిందో లేదో చూసేదెవరు? "నేను పడుకోనా లోపల?" అన్నారు మా ఆయన. ఆవిడ తన ఫోన్లో వీడియో మొదలుపెట్టి, లోపల పెట్టి, డిక్కీ మూశారు. కాసేపాగి తీసి ముగ్గురం చూశాం. దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది, పక్కన స్టెప్నీ టైరు పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. ఆ వీడియో ఆవిడ చుట్టాలందరికీ పంపారు.

ఇలా ఉండగా కారుకి పదిహేనేళ్ళు నిండాయి. రాజమండ్రి తీసుకెళ్ళి తనిఖీ చేయిస్తే తప్ప రిజిస్ట్రేషన్ కొనసాగదు. బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, ఒక మాట. ఇందులో ఫెయిలైతే ఇంక అమ్మేద్దాం. నీ వయసులో ఈ బండి మీద తిరుగుతుంటే నాకక్కడ నిద్ర పట్టట్లేదు." ఆయన భయంలో అబద్ధం లేదు. అది తెలిసే ఆవిడ, "సరేరా, ఫెయిలైతే నీ మాటే," అన్నారు. కారు పోతే ఆత్రేయపురం వారం వారం వెళ్ళడం ఉండదు. వెళ్ళని వారం అక్కగారు అన్నం సరిగా తినరని అక్కడి కోడలు చెప్పేది.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. విజ్జేశ్వరం దాటి బ్యారేజీ ఎక్కాక, ముందెక్కడో లారీ ఆగిపోయి బళ్ళన్నీ నిలిచిపోయాయి. కింద గోదావరి, పైన ఎండ. ఇంజను వేడి ముల్లు మెల్లగా పైకి పోవడం నేనే చూశాను.

"అత్తయ్యగారండీ, ముల్లు..."

ఆవిడ వెంటనే ఏసీ వేసి, చెవి పెట్టి విన్నారు. "ఏసీ వేస్తే ముందు ఫ్యాను తిరగాలి. తిరగట్లేదు." ఇంజను ఆపేశారు. "పరిగెడుతున్నంతసేపూ గాలి తగిలి చల్లారింది. ఇప్పుడు ఆగాం కదా, ఉడికిపోతోంది."

బానెట్ ఎత్తి కాసేపు వేడి పోనిచ్చాం. రేడియేటరు మూత వైపు నా చెయ్యి వెళ్తే చటుక్కున పట్టుకుని ఆపారు, మరుగుతున్న నీళ్ళు మొహాన కొడతాయని. తర్వాత ఫ్యూజుల పెట్టె తెరిచారు. ఫ్యాను ఫ్యూజు బాగానే ఉంది. దాని పక్కన వరసగా చిన్న చిన్న నల్లడబ్బాలు. వాటిని రిలేలంటారు. లోపల ఒక్కోదానిలో ఒక్కో స్విచ్చి, టిక్కుమని పడి పెద్ద కరెంటుని వదులుతుంది. ఆవిడ ఫ్యాను రిలే తీసి, హారన్ రిలే తీసి, రెండూ అరచేతిలో పెట్టుకుని చూశారు. కాళ్ళు ఒకేలా ఉన్నాయి, మీదున్న అంకెలూ ఒకటే.

"అమ్మాయ్, హారన్ ఇందాక మోగిందా?"

"మోగిందండీ."

"అయితే ఇది బతికే ఉంది." హారన్ రిలే తీసుకెళ్ళి ఫ్యాను గూట్లో గుచ్చి తాళం తిప్పారు. బర్రుమని ఫ్యాను తిరిగింది! నేను ఆ బ్యారేజీ మీద, అందరూ చూస్తుండగా, చప్పట్లు కొట్టాను. ముల్లు నెమ్మదిగా కిందికి దిగింది.

అప్పుడు ముందు బళ్ళు కదిలాయి. మాకు హారన్ లేదు. మా వైపు రోడ్ల మీద హారన్ లేకుండా నడపడం ఎలాంటిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు నావైపు తిరిగి, "అద్దం దించు. హారన్ నువ్వే," అన్నారు.

"నేనాండీ?"

"నేను స్టీరింగు వదిలి అరవలేను కదా! కానివ్వు."

మొదటిసారి నా గొంతు నాకే వినపడలేదు. కొబ్బరికాయల ట్రాక్టరు అడ్డొచ్చింది. కళ్ళు మూసుకుని, "తప్పుకోండి బాబూ! హారన్ లేదండీ!" అని అరిచాను. ట్రాక్టరు తప్పుకుంది. ఇంకేముంది, ధవళేశ్వరం దాకా అరుస్తూనే ఉన్నాను. అరటిగెలల సైకిలాయన వెనక్కి తిరిగి, "హారన్ కంటే మీరే నయం అమ్మా, మర్యాదగా చెప్పారు!" అన్నాడు. అత్తయ్యగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూనే నడిపారు.

ధవళేశ్వరంలో స్పేర్‌పార్టుల షాపు ముందు ఆపాం. తనిఖీలో హారన్ కూడా చూస్తారు. నాకొక ఆలోచన వచ్చింది. "ఆఫీసు దగ్గర రిలే మళ్ళీ హారన్‌కి పెట్టేస్తే సరిపోద్ది కదండీ? ఫ్యాను అంతసేపు చూడరేమో."

"చూడరు. కానీ రేపు మనమెళ్ళే దారి చూసుద్ది," అంటూ షాపులోకి నడిచారు. షాపాయన ఇచ్చిన మొదటి రిలేకి కాళ్ళు వేరుగా ఉన్నాయి. రెండోదీ కాదు. వెనక అరల్లో వెతికి, దుమ్ము దులిపి, సరైనది తెచ్చి పెట్టాడాయన. "మెకానిక్‌ని పిలవమంటారా అమ్మా?" అంటే, "మా మెకానిక్ వచ్చిందండీ," అని నన్ను చూపించారు. ఆ రిలే నా చేత్తో నేనే గుచ్చాను. హారన్ నొక్కితే షాపు ముందు పడుకున్న కుక్క లేచి పారిపోయింది.

తనిఖీ ఆఫీసరు తొందరగా చెప్పుకుంటూ పోయాడు. లైట్లు. ఎడమ. కుడి. వైపర్లు. బ్రేకు. హారన్. ఒక్కొక్కటీ అడిగినంతలో పలికింది. ఆయన కిందికి వంగి చూసి, వైర్లు చూసి, లేచాడు.

"పదిహేనేళ్ళ బండిలా లేదమ్మా."

"పదిహేనేళ్ళ బండేనండీ. దాని వయసు మేం మర్చిపోలేదు, అందుకే ఇలా ఉంది," అన్నారు అత్తయ్యగారు.

పాసైంది. ఇంకో ఐదేళ్ళు. ఆవిడ అక్కడే చెట్టుకింద నిలబడి బావగారికి ఫోన్ చేశారు. "ఒరేయ్, గెలిచాం. నువ్వింక నిద్రపో." అవతల ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు గానీ, ఈవిడ నవ్వుతూ, "అవున్రా, నీ మరదలే హారన్," అన్నారు. తర్వాతెప్పుడో బావగారు తన బండి స్టార్టవకపోతే తల్లికే ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

ఇంటికెళ్దామనుకున్నాను నేను. ఆవిడ బొబ్బర్లంక దగ్గర ఆత్రేయపురం వైపు తిప్పారు. అక్కగారు పడిపోయిన నాటి నుంచీ గడప దాటలేదు. అత్తయ్యగారు నేరుగా మంచం దగ్గరికెళ్ళి, "అక్కా, లే. తిరిగొద్దాం," అన్నారు. అక్కడి కోడలూ, నేనూ, ఆవిడా కలిసి ఆ పెద్దావిణ్ణి ఎత్తి ముందుసీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ భయపడి తలుపు పట్టుకున్నారు. కాలవగట్టు ఎక్కి గాలి తగిలాక పట్టు వదిలేశారు.

కాలవ నీళ్ళు వదిలే లొల్ల లాకుల దగ్గర ఆపాం. కారు తలుపులు తెరిచి పెట్టాం. నీళ్ళు లాకుల్లోంచి హోరుమని దూకుతున్నాయి, ఎండ పచ్చబడింది. వెనకసీట్లోంచి నేను చూస్తున్నాను. అక్కగారు చాలాసేపు నీళ్ళకేసి చూసి, చెల్లెలి వైపు తిరిగారు. అత్తయ్యగారి చెంప మీద ఇంజను దగ్గర అంటిన గ్రీజు మరక నల్లగా ఉంది. పొద్దుట్నుంచీ దాంతోనే తిరిగామని మా ఇద్దరికీ తెలీదు. అక్కగారు స్వాధీనంలో ఉన్న ఎడంచేత్తో చీరకొంగు తీసుకుని, నాలికతో కాస్త తడిచేసి, ఆ మరక తుడవసాగారు. అత్తయ్యగారు స్టీరింగు మీద చేతులు తీసేసి, కళ్ళు మూసుకుని, మొహం అలా ముందుకి చాచి కూర్చున్నారు.